గాలికే మోగుతున్న షాక్ సెన్సర్లు: తీసేయాలా, సరిచేయాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. తలుపులకు రెండు, కిటికీలకు నాలుగు, మొత్తం ఆరు వైర్‌లెస్ షాక్ సెన్సర్లు కొన్నారు. పెట్టెలో వచ్చిన టేపుతోనే అతికించారు. మొదటి వారంలోనే మూడు రాత్రులు గాలికి సైరన్ మోగింది. మూడోసారి మీ అమ్మగారు ఉలిక్కిపడి లేచి తెల్లారేదాకా నిద్రపోలేదు. ఆ మర్నాడే అన్నీ ఆఫ్ చేసేశారు. సెన్సిటివిటీ తగ్గిస్తే సరిపోతుందా, లేక వీటిని తీసేసి వేరేవి కొనాలా అని అడిగారు.

కొత్తవి కొనకండి. సెన్సిటివిటీ జోలికి కూడా ఇప్పుడే వెళ్లకండి. అది చివర్లో చేసే పని. నేను పదిహేనేళ్లుగా అలారాలు బిగిస్తున్నాను. తప్పుగా మోగుతోందని పిలిచిన ఇళ్లలో ఎక్కువసార్లు తేడా కనిపించింది సెన్సర్‌లో కాదు, అది అంటుకుని ఉన్న తలుపులో. గొళ్లెం వేసినా కటకటలాడే కిటికీకి ఎంత ఖరీదైన సెన్సర్ పెట్టినా అది మోగుతూనే ఉంటుంది. దాన్ని నోరు మూయించడానికి సెన్సిటివిటీ తగ్గించుకుంటూ పోతే ఒక రోజు నిజంగా గడ్డపార పడినా పలకదు. అప్పుడు గోడకు సెన్సర్ ఉంటుంది గానీ ఇంటికి కాపలా ఉండదు.

ముందు అది ఏం పసిగడుతుందో తెలుసుకుంటే మిగతాదంతా తేలిక. షాక్ సెన్సర్‌కు తలుపు తెరిచి ఉందా, మూసి ఉందా అన్నది తెలియదు. మనిషి వచ్చాడా అన్నదీ తెలియదు. దానికి తెలిసింది అదురు ఒక్కటే. కొన్నింటిలో పీజో ముక్క ఉంటుంది. ఒత్తిడి పడగానే చిన్నపాటి విద్యుత్తు పుట్టించే గుణం దానిది. క్యూరీ సోదరులు 1880లో గుర్తించిన గుణమే అది. మరికొన్నింటిలో ఫోన్లలో ఉండేలాంటి, కదలికను కొలిచే యాక్సెలరోమీటర్ చిప్ ఉంటుంది. ఇంకో పాత రకంలో చిన్న లోహపు గుండు రెండు కాంటాక్టుల మీద ఆని కూర్చుంటుంది. దెబ్బ తగిలితే గుండు ఒక్క క్షణం ఎగిరి సర్క్యూట్ తెగుతుంది. ఈ గుండు రకాన్ని మాన్యువల్‌లో చూపిన దిక్కులోనే నిలబెట్టాలి, అడ్డంగా పెడితే సరిగా పనిచేయదు. మిగతావాటికి కూడా బాణం గుర్తు ఉంటే దాన్ని పాటించండి.

తలుపు తెరుచుకోవడాన్ని పట్టేది వేరే పరికరం, అయస్కాంతంతో పనిచేసే కాంటాక్ట్. అయస్కాంతం దూరం జరిగితే లోపలి రీడ్ స్విచ్ మారుతుంది, సిగ్నల్ వెళ్తుంది. అంటే తలుపు తెరిచాకే దానికి సంగతి తెలుస్తుంది. షాక్ సెన్సర్ గొప్పతనం అంతకంటే ముందే పలకడం. దొంగ ఇంకా బయట నిలబడి చౌకట్టును పెకలిస్తుండగానే సైరన్ మోగుతుంది. ఇంట్లో మనుషులు పడుకుని ఉన్నప్పుడు కూడా దాన్ని ఆన్‌లో ఉంచవచ్చు. కదలికను పట్టే సెన్సర్లను హాల్లో పెట్టుకుంటే రాత్రి నీళ్లు తాగడానికి లేచినా మోగుతాయి. అందుకే పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న ఇంట్లో షాక్ సెన్సర్లనే నేను ముందు పెడతాను. మీరు ఎంచుకున్న వస్తువు సరైనదే, ఆ విషయంలో టెన్షన్ పెట్టుకోకండి.

అయితే అది పట్టలేనివీ ఉన్నాయి. దొంగ తాళంచెవితో మెల్లగా తలుపు తీస్తే అదురు రాదు. మీరే తెరిచి వదిలేసిన కిటికీలోంచి చెయ్యి పెట్టినా రాదు. అందుకే ప్రధాన తలుపుకూ, నేల ఎత్తులో ఉన్న కిటికీలకూ కాంటాక్ట్ కూడా ఉండాలి. రెండూ ఒకే డబ్బాలో వచ్చే సెన్సర్లు ఉన్నాయి. మీవి అలాంటివో కావో మాన్యువల్‌లో చూడండి.

ఇక పని. ముందు సెన్సర్లన్నీ పక్కన పెట్టి ఒక్కో తలుపు దగ్గరా, కిటికీ దగ్గరా నిలబడండి. మూసి, గొళ్లెం పెట్టి, అరచేత్తో ముందుకూ వెనక్కూ ఊపండి. టకటకమని చప్పుడు వస్తే అదే మీ రాత్రి సైరన్‌కు కారణం. బందుల స్క్రూలు వదులయ్యాయేమో చూసి బిగించండి. స్క్రూ తిరుగుతూనే ఉండి పట్టకపోతే ఆ రంధ్రంలో సన్నని చెక్కపుల్లలు జిగురుతో దూర్చి, ఆరాక మళ్లీ బిగిస్తే పట్టు వస్తుంది. గడియ నాలుక దూరే బొక్క వెడల్పుగా ఉంటే ఆ రేకును కాస్త జరిపి బిగించండి, తలుపు చౌకట్టుకు నొక్కుకుని నిలబడుతుంది. తలుపు ఆనే అంచు వెంట రబ్బరు లేదా ఫోమ్ పట్టీ అతికిస్తే మిగిలిన ఆట కూడా పోతుంది. స్లైడింగ్ కిటికీలైతే కింది గాడిలో మట్టి ఊడ్చి, అరిగిన చక్రాలు మార్చి, రెండు రెక్కలు కలిసే చోట బ్రష్ పట్టీ ఊడిపోయిందేమో చూడండి. అద్దం చుట్టూ పుట్టీ రాలిపోయినా, బీడింగ్ వదులైనా అద్దమే చట్రంలో గలగలమంటుంది. వేలితో తట్టి వినండి, తెలిసిపోతుంది.

ఇదంతా సెన్సర్ పని కాదు కదా అనిపించవచ్చు. నా అనుభవంలో సగం పని ఇదే. పైగా వదులు తలుపు గాలికే కాదు, గడ్డపారకూ లొంగుతుంది. తలుపు బిగిస్తే రెండు లాభాలూ ఒకేసారి వస్తాయి.

ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి సంగతి. మనం కాపు కాసేది దెబ్బ పడే చోటుని. తలుపును పెకలించేవాడు బందుల వైపు కాకుండా ఎక్కువగా తాళం వైపు చౌకట్టు సందులోకే ఇనుప కడ్డీ దూరుస్తాడు. కాబట్టి సెన్సర్‌ను లోపలి వైపు, కదలని చౌకట్టు మీద, తాళం ఉన్న పక్కన పెట్టండి. తాళానికి కాస్త పైన, తలుపు తెరిచి మూసేటప్పుడు తగలని చోట. కదిలే రెక్క మీద పెడితే మీరు తలుపు వేసిన ప్రతిసారీ దానికి దెబ్బే. చౌకట్టు మీద ఆ దెబ్బ తగ్గుతుంది, బయటి నుంచి పెకలిస్తే వచ్చే అదురు మాత్రం నేరుగా అందుతుంది.

కిటికీల దగ్గర నిర్ణయం కాస్త వేరు. రెక్కలు పెకలిస్తారన్నది మీ భయమైతే రెండు రెక్కలు కలిసే చోట, కదలని చట్రం మీద పెట్టండి. పెద్ద అద్దం పగలగొడతారన్నది భయమైతే ఆ అద్దాన్ని పట్టుకున్న రెక్క చట్రం మీదే పెట్టాలి. అద్దంలో పుట్టిన అదురు రెక్కకు వెంటనే అందుతుంది, గోడ చట్రానికి వచ్చేసరికి రబ్బరు పట్టీలు దాన్ని మింగేస్తాయి. అద్దానికే అతికించే రకాలు కూడా ఉన్నాయి గానీ మాన్యువల్ అలా చెప్పకపోతే అతికించకండి.

ఒక సెన్సర్ ఎంత దూరం చూస్తుందని చాలామంది అడుగుతారు. పెట్టె మీద రాసిన అంకె ఒక అంచనా మాత్రమే. గట్టి చెక్కలో అదురు దూరం పోతుంది, లోపల గుల్లగా ఉండే ప్లాస్టిక్ చట్రంలో తొందరగా చచ్చిపోతుంది. అతుకు ఉన్న ప్రతిచోటా కొంత తగ్గుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు కిటికీల మధ్య గోడ ఉందంటే ఒక సెన్సర్ రెండింటికీ సరిపోతుందని అనుకోకండి. విడి చట్రానికి విడి సెన్సర్ కావాలి. ఆరు సెన్సర్లు ఇల్లంతా చాలకపోతే నేల నుంచి చేతికందే కిటికీలకూ, పక్క గోడో పైపో పట్టుకుని ఎక్కగలిగే కిటికీలకూ, వీధిలోంచి ఎవరికీ కనపడని వెనక తలుపుకూ ముందు పెట్టండి. ఎదురుగా అందరికీ కనిపించే బాల్కనీ కిటికీ తర్వాత చూసుకోవచ్చు.

అతికించే టేపు గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నేనూ మొదట్లో టేపును నమ్మి దెబ్బతిన్నాను. రంగు వేసిన చెక్క మీద తుడవకుండా అతికించిన సెన్సర్ ఒకటి అర్ధరాత్రి ఊడి నేలమీద పడింది. పడిన దెబ్బకు అదే మోగింది. ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ల ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత చెక్క మీద స్క్రూ తప్ప మరోటి వాడలేదు. స్క్రూ బిగిస్తే సెన్సర్, చౌకట్టు ఒకే ముక్కలా అవుతాయి, అదురు ఉన్నదున్నట్టు అందుతుంది. మందపాటి మెత్తని ఫోమ్ టేపు మధ్యలో పరుపులా పనిచేసి అదురును మింగేస్తుంది. మీ సెన్సర్ గాలికి అంతలా పలికిందంటే టేపు సగం ఊడి డబ్బానే వణుకుతోందేమో అని కూడా నాకు అనుమానం. వేలితో కదిపి చూడండి.

స్క్రూ కొట్టలేని చోట్లు ఉన్నాయి. ప్లాస్టిక్, అల్యూమినియం కిటికీలకు తోచినచోట డ్రిల్ చేస్తే లోపలి నీటి దారి చెడిపోవచ్చు, వారంటీ పోవచ్చు, రెండు పొరల అద్దం అంచుకు తగిలితే అద్దమే పోతుంది. అక్కడ పలచని, గట్టి ఆక్రిలిక్ టేపు వాడండి. అతికించేచోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. సెన్సర్‌ను అరనిమిషం గట్టిగా నొక్కి పట్టండి. ఇలాంటి టేపుకు పూర్తి పట్టు రావడానికి సుమారు 72 గంటలు పడుతుంది. ఆ మూడు రోజులు దాన్ని అలారంలో కలపకండి. బాగా చలిగా ఉన్న రోజున అతికించినా పట్టదు. అతికించేచోటి రంగే పెచ్చులుగా ఊడుతుంటే ఎంత మంచి టేపైనా రంగుతో సహా ఊడి వస్తుంది, అక్కడ రంగు గీకేయాల్సిందే.

బిగించకముందే ఇంకో రెండు పనులు. సెన్సర్లను హబ్, అంటే వాటి సిగ్నళ్లు అందుకునే ప్రధాన డబ్బా, పక్కనే కూర్చోబెట్టి ఒక్కొక్కటిగా జత చేసి, పేర్లు పెట్టండి. సెన్సర్ 1, సెన్సర్ 2 అని వదిలేయకండి. “వంటింటి వెనక తలుపు”, “మెట్ల పక్క కిటికీ” అని రాయండి. అర్ధరాత్రి నిద్రమత్తులో ఫోన్ చూసినప్పుడు ఎటు వైపు ప్రమాదమో ఒక్క చూపులో తెలియాలి. రెండో పని, ప్రతి సెన్సర్‌నూ అది ఉండబోయే చోట చేత్తో పట్టుకుని, ఇంటి తలుపులన్నీ మూసి సిగ్నల్ చూడండి. తలుపులు తెరిచి ఉన్నప్పుడు వచ్చిన సిగ్నల్‌ను లెక్కలోకి తీసుకోకండి. ఈ పరికరాలు ఎక్కువగా 433 లేదా 868 మెగాహెర్ట్జ్ లాంటి తరంగాల మీద మాట్లాడతాయి. ఇటుక గోడ దాటుతాయి, లోహాన్ని దాటలేవు. ఇనుప తలుపుకో అల్యూమినియం చట్రానికో యాంటెన్నా వైపు ఆనించి పెడితే సిగ్నల్ సగానికి సగం పడిపోవచ్చు. అక్కడ సెంటీమీటరు మందం గట్టి ప్లాస్టిక్ పలక మధ్యలో పెట్టి బిగిస్తే బాగుపడుతుంది. థర్మోకోల్ లాంటి మెత్తనిది పెట్టకండి, సిగ్నల్ బాగుపడ్డా అదురు అందదు. సిగ్నల్ అంచున వేలాడుతున్న సెన్సర్‌ను అలాగే వదిలేయడం కంటే ఒక అడుగు పక్కకు జరపడం మేలు.

ఇప్పుడు మీరు అడిగిన సెన్సిటివిటీ. చాలా సెన్సర్లలో రెండు వేర్వేరు సెట్టింగులు ఉంటాయి. వాటిని కలిపేసుకోవడం వల్లే గందరగోళం వస్తుంది. ఒకటి పెద్ద దెబ్బ: ఒక్కసారే బలంగా తగిలితే వెంటనే అలారం. రెండోది చిన్న దెబ్బల లెక్క: కొంత వ్యవధిలో, ఉదాహరణకు అరనిమిషంలో, ఇన్ని దెబ్బలు పడితేనే అలారం. తలుపును ఒక్క తన్ను తన్నేవాణ్ని మొదటిది పడుతుంది. ఉలితో మెల్లమెల్లగా చెక్కేవాణ్ని రెండోది పడుతుంది. గాలికి రెక్క ఒక్కసారి కొట్టుకోవడం, ఎవరో తలుపు తట్టడం లాంటివి రెండోదాని వల్లే వడకట్టబడాలి. మీ సెన్సర్‌లో లెక్క ఒకటికి పెట్టి ఉంటే ప్రతి చిన్న టక్కుకూ మోగుతుంది. మూడుకో నాలుగుకో మార్చి చూడండి.

సెట్ చేయడానికి ఇద్దరు కావాలి. ఒకరు యాప్ చూస్తారు, ఒకరు తలుపు దగ్గర ఉంటారు. హబ్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టండి. బ్యాటరీ ఆదా కోసం ఒకసారి పలికాక కాసేపు నిద్రపోయే సెన్సర్లు ఉన్నాయి. టెస్ట్ మోడ్ లేకుండా తడితే పాడైందని పొరబడతారు. తలుపు మూసి తాళం వేయండి. సెన్సిటివిటీని అన్నిటికంటే కిందికి దించండి. సెన్సర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చౌకట్టు మూలలో పిడికిలి పక్కభాగంతో గట్టిగా కొట్టండి. పలకకపోతే ఒక మెట్టు పెంచండి, మళ్లీ కొట్టండి. పలికిన మెట్టు దగ్గర ఆగండి. అద్దాన్ని మాత్రం ఎప్పుడూ కొట్టి చూడకండి. టఫెన్డ్ అద్దం అంచున చిన్న దెబ్బ తగిలినా మొత్తం రవ్వలైపోవచ్చు.

ఆ తర్వాత అసలు పరీక్ష, అంటే మోగకూడని పనులు. అతిథిలా వేళ్లతో తలుపు తట్టండి. బయటి నుంచి హ్యాండిల్ ఊపండి. పక్క గది తలుపు ధడాలున వేయండి. కిటికీ గ్రిల్ పట్టుకుని కదపండి. పెంపుడు కుక్క ఉంటే అది తలుపు గీరుతుందేమో గుర్తు చేసుకోండి. వీటిలో దేనికీ అలారం రాకూడదు. దూరపు మూలలో పిడికిలి దెబ్బకు పలికే మెట్టులోనే హ్యాండిల్ ఊపినా పలుకుతోందంటే ఇక అంకెలతో కుస్తీ పట్టకండి. తలుపులో ఇంకా ఆట మిగిలి ఉంది, లేదా సెన్సర్ ఆ హ్యాండిల్‌కు మరీ దగ్గరగా ఉంది, లేదా ఆ చట్రం ఒక్క సెన్సర్‌కు మించినది. వాటిలో ఏదో ఒకటి మార్చాలి. రోజూ జనం తట్టే ప్రధాన తలుపుకు నేను చిన్న దెబ్బల లెక్క పూర్తిగా ఆపేసి, పెద్ద దెబ్బను మాత్రమే ఉంచుతాను. మిగతా కాపలా కాంటాక్ట్‌కు అప్పగిస్తాను.

ఇదే తలుపు దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. మీరు బయటి నుంచి వచ్చి కోడ్ కొట్టేదాకా అలారం ఆగడానికి ఆ తలుపుకు 30 సెకన్లో అంతకంటే ఎక్కువో గడువు ఇస్తారు. ఆ గడువు కాంటాక్ట్‌కే ఉండాలి. షాక్ వెంటనే మోగాలి. తలుపు బద్దలుకొట్టేవాడికి అరనిమిషం ఇవ్వడంలో అర్థం లేదు. రెండూ ఒకే డబ్బాలో ఉండి, హబ్ వాటిని వేర్వేరు జోన్లుగా, అంటే విడివిడిగా సెట్ చేసుకునే భాగాలుగా చూపిస్తే విడదీసి పెట్టండి. విడదీయలేకపోతే ఆ తలుపుకు విడి సెన్సర్ కొనడం తప్పదు. అదీ, ముందు చెప్పిన చోట్ల కాంటాక్ట్ లేకపోతే అదీ తప్ప నేను కొనమని చెప్పేది ఇంకేమీ లేదు.

అంతా అయ్యాక వెంటనే సైరన్ కలపకండి. రెండు వారాలు ఫోన్‌కు నోటిఫికేషన్ మాత్రమే వచ్చేలా ఉంచండి. వచ్చిన ప్రతిసారీ ఏ సెన్సర్, ఎన్ని గంటలకు, అప్పుడు బయట ఏం జరుగుతోంది, గాలా, వానా, లారీ పోయిందా అని ఒక కాగితం మీద రాయండి. నాలుగైదు వరుసలు రాసేసరికి కారణం మీకే కనిపిస్తుంది. రోజూ తెల్లవారుజామున ఒకే కిటికీ పలుకుతుంటే ఆ గంటకు వెళ్లే బరువైన బండి కావచ్చు. గాలి రాత్రుల్లోనే పలికితే ఆ రెక్క ఇంకా వదులుగా ఉన్నట్టే. కారణం తెలియకుండా సెన్సిటివిటీ తగ్గించకండి. పది రోజులు వరుసగా ఒక్క తప్పుడు నోటిఫికేషన్ కూడా రాని సెన్సర్‌ను సైరన్‌కు కలపండి. ఆరింటినీ ఒకేసారి కలపాల్సిన పనిలేదు.

తర్వాతి కాలానికి కొన్ని మాటలు. చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి సందులిస్తుంది. అందుకే కాలం మారినప్పుడల్లా పిడికిలి పరీక్ష ఒకసారి మళ్లీ చేయండి. బ్యాటరీ తక్కువైందని హబ్ చెప్పిన రోజే మార్చండి. మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉంటే అదే వేయండి, సీఆర్123ఏ అని ఉంటే మంచి లిథియం సీఆర్123ఏ వేయాలి. ఒకదానికి బ్యాటరీ అయిపోతే అదే రోజు బిగించిన మిగతావీ అయిపోవడానికి దగ్గరలోనే ఉంటాయి, అన్నిటికీ తెచ్చి పెట్టుకోండి. హబ్‌లో సెన్సర్ల పలకరింపు చూసుకునే ఏర్పాటు, అంటే ప్రతి సెన్సర్ కొంత సమయానికోసారి నేనున్నానని సిగ్నల్ పంపే సదుపాయం ఉంటే ఆన్ చేయండి. అది లేకపోతే సెన్సర్ చచ్చిపోయిన సంగతి నెలల తరబడి తెలియదు. డబ్బా మూత తీస్తే మోగే ట్యాంపర్ స్విచ్‌ను కొందరు చికాకుగా ఉందని ఆపేస్తారు, ఆపకండి. కరెంటు పోతే హబ్ ఎంతసేపు నిలబడుతుందో, ఇంటర్నెట్ పోతే ఫోన్‌కు కబురు ఎలా వస్తుందో ఒక పగలు ప్లగ్గు తీసి చూడండి.

నిజంగా మోగిన రాత్రి ఎవరూ తలుపు తీసి చూడకూడదు. లైట్లు వేయండి, అందరూ ఒకే గదిలో గడియ పెట్టుకోండి, పోలీసులకు ఫోన్ చేయండి. సైరన్ పని ఇంట్లోవాళ్లను లేపడం, బయటివాణ్ని బెదరగొట్టడం. మిగతాది చూసుకోవడానికి వేరే మనుషులున్నారు.

ఇక మీ అమ్మగారి సంగతి. సైరన్ మళ్లీ కలిపే రోజు పగటిపూట, ముందే చెప్పి, ఆమె పక్కన కూర్చుని ఒకసారి మోగించండి. ఏ బటన్ నొక్కితే ఆగుతుందో చూపించి, రెండోసారి మోగినప్పుడు ఆమె చేతే ఆపించండి. ఆమె మంచం పక్కన రిమోట్ ఒకటి పెట్టండి. రెండు వారాల్లో మీరు రాసుకున్న కాగితం ఫోటో తీసి ఇక్కడ పెడితే ఏ కిటికీ దగ్గర ఏం మార్చాలో నేను చూసి చెబుతాను. రెక్కలు ఎలా మూసుకుంటాయో, సెన్సర్ ఎక్కడ ఉందో కనిపించేలా లోపలి వైపు నుంచి ఫోటోలు కూడా తీయండి. ఇంటి ముఖభాగం, నంబరు మాత్రం పడకుండా చూసుకోండి.